అవలాంచ్ వాలు మీద మీరొక్కరే ఉండరు: బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌లో బాధ్యతగా మెలగడం ఎలా?

డెన్వర్, సియాటెల్, సాల్ట్ లేక్ సిటీ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లలో స్కీయింగ్ చేసేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. కొన్ని సీజన్లు రిసార్ట్‌లో తిరిగాక లిఫ్ట్ టికెట్ల ధరలకూ శనివారం క్యూలకూ విసుగొచ్చి, "ఈసారి బ్యాక్‌కంట్రీకి పోదాం" అని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. బ్యాక్‌కంట్రీ అంటే రిసార్ట్ హద్దుల బయట ఉన్న కొండలు. స్కీల కింద స్కిన్స్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే పట్టీలు) అంటించుకుని, లిఫ్ట్ లేకుండా సొంత కాళ్లతో కొండెక్కి, ఎవరూ తొక్కని మంచులో దిగి రావడం. అందులో ఉన్న మజా గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

రిసార్ట్‌లో అయితే మీరు కాఫీ తాగే టైముకే స్కీ ప్యాట్రోల్ వాళ్లు, అంటే రిసార్ట్ భద్రతా సిబ్బంది, పేలుడు పదార్థాలు వాడి, జారేలా ఉన్న మంచును ముందే దించేసి ఉంటారు. రిసార్ట్ హద్దు తాడు దాటి బయటికి వెళ్తే ఆ పని చేసేవాళ్లు లేరు. పైగా ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో, అంటే కొండ వాలు మీంచి విరుచుకుపడే మంచుచరియల్లో, నూటికి తొంభై దాకా, చిక్కుకున్న మనిషో అతని తోటివాడో కదిపినవే. కదిపినవాడి మీదే పడుతుందన్న గ్యారంటీ కూడా లేదు. కింద ఎక్కుతున్న వేరే గుంపు మీద పడొచ్చు, రోడ్డు మీద పోతున్న కారు మీద పడొచ్చు. అందుకే మీ ప్రాణం మీరు కాపాడుకోవడంతో పాటు, మీ వల్ల ఇంకొకరికి ముప్పు రాకుండా చూసుకోవడం గురించి ఇక్కడ ఎక్కువ చెప్తాను. ఉదాహరణల్లో కొలరాడో కొండలు తరచూ వస్తాయి.

1. కోర్సు ముందు, కొత్త స్కీలు తర్వాత

మూడు వస్తువులు గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి: బీకన్, ప్రోబ్, పార. బీకన్ అంటే ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు తమ బీకన్లను సెర్చ్‌లోకి మార్చి వెతుకుతారు. ప్రోబ్ అంటే కూరుకుపోయిన మనిషి కోసం మంచులోకి గుచ్చి చూసే, మడతపెట్టుకునే పొడవాటి కడ్డీ, 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పార అల్యూమినియందే తీసుకోండి. అవలాంచ్ ఆగిన మరుక్షణం మంచు గట్టిగా బిగుసుకుపోతుంది, ప్లాస్టిక్ పార దానికి తట్టుకోదు.

మీ పార, మీ ప్రోబ్ మీకు పనికొచ్చేవి కావు. మీరు కూరుకుపోతే అవి కూడా మీ బ్యాగులోనే, మీతోపాటే మంచు కింద ఉంటాయి. అవి మీ స్నేహితుడి కోసం మీరు మోస్తున్నవి. "మా వాడికి అన్నీ వచ్చు, నేను వెనకాలే వెళ్తాను" అనేవాళ్లు ఈ లెక్క మర్చిపోతారు. అన్నీ వచ్చినవాడే కూరుకుపోతే బయటికి తీయాల్సింది ఏమీ రాని మీరే.

మొదటి స్థాయి అవలాంచ్ కోర్సు సుమారు మూడు రోజులు. రెస్క్యూ ఒక్కటే నేర్పే ఒకరోజు కోర్సు విడిగా ఉంటుంది. రెండూ చేయండి. ఆ తర్వాత ప్రతి సీజన్ మొదట్లో ఏదైనా మంచు పడిన పార్కులో బ్యాగు లోపల బీకన్ పెట్టి పాతి, వెతికి, తవ్వండి. చేతులకు అలవాటు తప్పితే కోర్సు సర్టిఫికెట్ ఏమీ చేయదు.

ఎయిర్‌బ్యాగ్ (లాగగానే గాలితో ఉబ్బే బ్యాగు) కూడా మంచిదే, పూర్తిగా కూరుకుపోయే అవకాశాన్ని తగ్గిస్తుంది. చెట్టుకో బండకో కొట్టుకుంటే మాత్రం అది చేయగలిగింది పెద్దగా లేదు. ఉత్తర అమెరికాలో అవలాంచ్ మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరాడక కాదు, దెబ్బల వల్ల. "ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా, పోదాం" అని ఎవరైనా అంటున్నారంటే ఆ వాలు ఆ రోజుకి వద్దనే అర్థం.

2. ముందు రోజు రాత్రి ఫోర్‌కాస్ట్ చదవండి, అందరూ చదవండి

కొలరాడోలో సీఏఐసీ, వాషింగ్టన్‌లో ఎన్‌డబ్ల్యూఏసీ, యూటాలో యూఏసీ అనే అవలాంచ్ సెంటర్లు సీజన్‌లో రోజూ ఉచితంగా ఫోర్‌కాస్ట్ ఇస్తాయి. గుంపులో ఒకరు చదివి "ఈరోజు ఆరెంజ్ అంట" అని చెప్తే సరిపోదు. ప్రతి ఒక్కరూ చదివి, మర్నాడు దారిలో కారులోనే ఎవరికి ఏం అర్థమైందో మాట్లాడుకోవాలి.

ప్రమాద స్థాయిలు ఐదు: లో, మోడరేట్, కన్సిడరబుల్, హై, ఎక్స్‌ట్రీమ్. అందరూ బోల్తా పడేది మూడోదాని దగ్గర, ఫోర్‌కాస్ట్‌లో దాని రంగే ఆరెంజ్. ఐదులో మూడు అనగానే "మధ్యస్థం, పర్లేదు" అనుకుంటాం. కన్సిడరబుల్ అంటే మనిషి బరువుకే అవలాంచ్ కదిలే అవకాశం బాగా ఉందని అర్థం. హై ఉన్న రోజు భయపడి ఇంట్లో కూర్చునే వాళ్లే మూడు ఉన్న రోజు ధైర్యంగా బయల్దేరతారు.

రంగు చూసి ఆగిపోకండి. ఏ దిక్కు వాలుల మీద, ఎంత ఎత్తులో, ఏ రకం సమస్య ఉందో కింద రాసి ఉంటుంది, అసలు విషయం అక్కడే ఉంటుంది. కొలరాడో మంచుకి ఒక పాత జబ్బుంది. సీజన్ మొదట్లో పడిన పలుచని మంచు చలికి గింజలు గింజలుగా మారి అడుగున అలాగే ఉండిపోతుంది. దాని మీద గాలి తెచ్చిన మంచు, కొత్తగా పడిన మంచు గట్టి పలకలా పేరుకుంటుంది. పంచదార మీద నాపరాయి పరిచినట్టన్నమాట. ఆ పలక వారాల తరబడి కదలకుండా ఉండి, ఒక రోజు ఒక మనిషి అడుగు పడగానే వాలు మొత్తం ఒక్కసారి తెగిపోతుంది. "నిన్న పదిమంది దిగారు, ఏమీ కాలేదు" అన్న మాటకి ఇలాంటి మంచు మీద విలువ లేదు.

పలకలు తెగే వాలులు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటాయి. కాబట్టి అనుమానం ఉన్న రోజు 30కి తక్కువ ఉన్న చోటు చూసుకోండి, దాని నెత్తి మీద నిటారు వాలు లేదని కూడా చూసుకోండి. మ్యాప్ యాప్‌లలో వాలు కోణాన్ని రంగులతో చూపించే లేయర్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ప్లాన్ రెండు రకాలుగా వేసుకోండి, రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే తేలికగా ఉండాలి.

బయల్దేరే ముందు ఇంట్లో ఉన్నవాళ్లకి మెసేజ్ పెట్టండి. "లవ్‌లాండ్ వైపు వెళ్తున్నాం" అంటే అది సమాచారం కాదు. కారు ఎక్కడ పెడతారు, ఏ దారిలో ఎక్కి ఎటు దిగుతారు, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారు, ఆ టైము దాటితే 911కి ఏం చెప్పాలి అన్నవన్నీ అందులో ఉండాలి.

3. గుంపు చిన్నగా ఉండాలి, మొహమాటం ఉండకూడదు

ముగ్గురు నలుగురు సరిగ్గా సరిపోతారు. ఇద్దరే అయితే ఒకరు కూరుకుపోయినప్పుడు తవ్వేది ఒక్కరే. ఆరేడుగురు అయ్యేసరికి ఎవరి మాట ఎవరికీ వినపడదు, ఎవరో ఒకరు ఆలోచించే ఉంటారులే అని అందరూ అనుకుంటారు. 2012 ఫిబ్రవరి 19న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ పక్కన టన్నెల్ క్రీక్‌లో జరిగింది ఇలాంటిదే. పదిహేను మందికి పైగా ఒకే చోట చేరారు. ఆ కొండ మీదే పుట్టి పెరిగినంత అనుభవం ఉన్నవాళ్లు అందులో చాలామంది. వాళ్లలో కొందరికి లోపల అనుమానం ఉన్నా అంతమంది పెద్దల ముందు నోరు తెరవలేకపోయారు. ముగ్గురు చనిపోయారు.

ఈ విషయంలో మనవాళ్లకి ఒక అదనపు ఇబ్బంది ఉందని నా అభిప్రాయం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకే ఉంది, అయినా మానం. గుంపులో వయసులో పెద్దవాడు, పైగా ఆఫీసులో సీనియర్, మన కారు ఖర్చు కూడా ఆయనే పెట్టుకున్నాడు. ఇక "అన్నా, ఈ వాలు నాకు నచ్చట్లేదు" అని ఎవరంటారు?

అందుకని ఒక నియమం ముందే పెట్టుకోండి. ఎవరు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి, కారణం అడగకూడదు, తర్వాత వారం రోజులు ఎగతాళి చేయకూడదు. అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్లని ముందు మాట్లాడమనండి, పెద్దాయన చివర్లో మాట్లాడాలి. ఆయన ముందే "బాగానే ఉంది" అనేస్తే మిగతావాళ్ల అభిప్రాయం ఇక మీకు దొరకదు. మీరే ఆ పెద్దాయన అయితే బాధ్యత ఇంకా ఎక్కువ. "భయంగా ఉందా తమ్ముడూ?" అని అందరి ముందు అడగకండి. "ఇక్కడ నీకు ఏం కనిపిస్తోంది?" అని అడగండి.

సెలవులకి ఇండియా వచ్చి గుల్మర్గ్‌లో స్కీయింగ్ చేసేవాళ్లకి కూడా ఒక మాట. గండోలా (కేబుల్ కారు) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో దింపుతుంది. అక్కడి నుంచి కంట్రోల్ లేని వాలుల్లోకి పోవడానికి నిమిషం చాలు, లిఫ్ట్ ఉంది కాబట్టి రిసార్టే అనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ అవలాంచ్‌లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. ఆ కొండ తెలిసిన స్థానిక గైడ్ లేకుండా హద్దు దాటకండి.

4. పార్కింగ్ లాట్‌లో

కొలరాడోలోని బర్తౌడ్ పాస్, లవ్‌లాండ్ పాస్ లాంటి చోట్ల ఉదయం ఎనిమిదికల్లా పార్కింగ్ నిండిపోతుంది. స్నోప్లో (మంచు తోసే బండి) తిరగడానికి చోటు వదలకుండా రోడ్డు అంచున కారు పెట్టకండి. చోటు లేకపోతే రెండో ప్లాన్‌కి మారండి.

స్కీలు తొడుక్కున్నాక బీకన్ చెక్ చేయాలి, దీన్ని ఒక్క రోజు కూడా వదలకూడదు. ముందు అందరూ సెర్చ్‌లో పెట్టి, ఒక్కరు మాత్రం సెండ్‌లో ఉండి, అందరి తెరల మీదా నంబరు వస్తోందో లేదో చూడాలి. తర్వాత అందరూ సెండ్‌లోకి మారాలి. ఒకరు ముప్పై అడుగులు ముందుకెళ్లి తన బీకన్‌ను సెర్చ్‌లో పెట్టుకుని నిలబడతారు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు, ఎడంగా, ఆయన్ని దాటుకుంటూ పోవాలి. మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ తెర మీద అంకె 8, 5, 2 అంటూ తగ్గాలి, పోయేకొద్దీ పెరగాలి. తగ్గకపోతే ఆ మనిషి బీకన్ ఆఫ్‌లో ఉంది, లేదా బ్యాటరీ అయిపోయింది, లేదా ఇందాకటి సెర్చ్‌లోనే మర్చిపోయాడు. చెక్ చేసినాయన చివర్లో తనది సెండ్‌లోకి మార్చి ఒకరికి చూపించాలి. ఎక్కువగా మర్చిపోయేది ఆయనే.

ఫోను బీకన్ ఉన్న జేబులో పెట్టకండి. సెండ్‌లో ఉన్నప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉండాలి. బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్, స్మార్ట్‌వాచ్‌లు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

పక్క కారు దగ్గర స్కిన్స్ అంటిస్తున్నవాళ్లని పలకరించండి. "ఎటు వెళ్తున్నారు? మేం ఫలానా వాలు దిగుదామనుకుంటున్నాం" అని రెండు ముక్కలు చాలు. వాళ్లు మీ కింద ఉండబోతున్నారో లేదో తెలుస్తుంది. వాకీటాకీలు ఉంటే చానెల్ కూడా చెప్పుకోండి.

5. ఎక్కేటప్పుడు

ముందు వెళ్లినవాళ్లు వేసిన స్కిన్ ట్రాక్ ఉంటే అందులోనే నడవండి. స్కీలు తీసేసి బూట్లతో ఆ ట్రాక్‌లో నడిచి గోతులు చేయకండి, వెనక వచ్చేవాళ్లకి నరకం. ఆగాలంటే ట్రాక్ పక్కకి తప్పుకోండి. కుక్కని తెచ్చుకుంటే అది చేసింది మీరే ఎత్తాలి.

ట్రాక్ ఉంది కాబట్టి అది భద్రమైన దారే అనుకోవడం మాత్రం తప్పు. అది ముందు వెళ్లినవాడి అభిప్రాయం అంతే. ఆయన ఏ రోజు వెళ్లాడో, ఏం ఆలోచించాడో మీకు తెలియదు. తల పైకెత్తి ఏ వాలు కింద నడుస్తున్నారో చూస్తూ ఉండండి.

2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో ఆరుగురు అలా ఒక వాలు అడుగున దాటుతున్నారు. ఆ రోజు ప్రమాదం గురించి వాళ్లకి తెలుసు, మధ్యలో ఎడం కూడా పాటించారు. పై వాలు మొత్తం తెగింది. ఆ ఎడం సరిపోలేదు, ఆరుగురూ చిక్కుకున్నారు, ఐదుగురు చనిపోయారు. మిగిలిన ఒక్కరూ సగం కూరుకుపోయి, సొంతంగా బయటికి రాలేక, సాయం వచ్చేదాకా అక్కడే ఉండిపోయారు. ప్రమాదం ఉన్న చోటు దాటక తప్పకపోతే ఒకరు పూర్తిగా దాటి భద్రమైన చోటికి చేరాకే రెండోవారు కదలాలి. టైము పడుతుంది, చలేస్తుంది, అయినా అంతే.

కాలి కింద మంచు ఒక్కసారి "వుంఫ్" మని కుంగినట్టు శబ్దం వచ్చినా, స్కీ ముందు నుంచి పగుళ్లు పరుగెత్తినా, పక్క కొండ మీద తాజాగా తెగిన వాలు కనిపించినా ఇక చర్చ అక్కర్లేదు. తేలిక వాలుకి మారిపోండి.

6. దిగే ముందు: కింద ఎవరున్నారు?

అందరూ ఎక్కువగా తప్పే చోటు ఇదే. కష్టపడి ఎక్కాం, ఎండ బాగుంది, మంచు బాగుంది, ఇంకో గుంపు వస్తోంది, వాళ్లకంటే ముందు దిగాలనే తొందర. కింద మనుషులు ఉన్నారని తెలిసీ, లేదా ఉన్నారో లేరో చూడకుండా, వాలులోకి దూకడం కంటే పెద్ద తప్పు బ్యాక్‌కంట్రీలో లేదు.

కింద ఎవరైనా కనిపిస్తే ఆగండి, వాళ్లు తప్పుకునేదాకా ఆగండి. కనిపించని మలుపు ఉంటే, లేదా ఆ వాలు కిందే స్కిన్ ట్రాక్ పోతోందని తెలిస్తే, ఇంకో చోటు ఎంచుకోండి. పైన రెండో గుంపు ఉంటే వెళ్లి మాట్లాడండి: ఎవరు ముందు, ఎవరు తర్వాత, కిందికి చేరాక సైగ ఏంటి. ముందు వచ్చినవాళ్లదే మొదటి వంతు, కానీ వాళ్లు ఆలస్యం చేస్తున్నారని పక్క నుంచి దూరడం తగదు. ఒకే వాలు మీద రెండు గుంపులు ఉంటే ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 6న యూటాలోని మిల్‌క్రీక్ కాన్యన్‌లో చూశాం. విల్సన్ గ్లేడ్ అనే చోట రెండు వేర్వేరు గుంపులు ఒకే అవలాంచ్‌లో చిక్కుకుని నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు తమ వాళ్లు, పరాయివాళ్లు అని చూడకుండా తవ్వారు.

కింద రోడ్డు ఉంటే ఇంకా ఆలోచించాలి. కారులో పోయేవాడు బీకన్ కట్టుకోలేదు, కోర్సు చేయలేదు, ఈ రిస్కుకి ఒప్పుకోనూ లేదు. వయోమింగ్‌లోని టీటన్ పాస్ మీద హైవే 22 ఉంది. ఇడాహో వైపు ఊళ్ల నుంచి జాక్సన్‌కి పనికి వచ్చేవాళ్లకి అదే దారి. స్కీయర్లు కదిపిన మంచు ఆ రోడ్డు దాకా వచ్చిన సందర్భాలున్నాయి. ఒకరి సరదాకి రోడ్డు మూతపడితే వందలమంది పని ఆగిపోతుంది.

కొలరాడోలో ఇది కోర్టు దాకా కూడా వెళ్లింది. 2020 మార్చి 25న ఐ-70 హైవే మీది ఐసెన్‌హవర్ సొరంగాల పైన ఇద్దరు స్నోబోర్డర్లు కదిపిన అవలాంచ్ సర్వీస్ రోడ్డును కప్పేసింది, అవలాంచ్ నియంత్రణకు పెట్టిన ఖరీదైన పరికరాన్ని ధ్వంసం చేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఇతరుల ప్రాణాలను నిర్లక్ష్యంగా ప్రమాదంలో పెట్టారని వాళ్ల మీద కేసు పెట్టారు, పరికరానికి పరిహారంగా 1,68,000 డాలర్లు అడిగారు. వాళ్లు దాక్కోలేదు, జరిగింది తామే చెప్పి వీడియో కూడా ఇచ్చారు. అలాంటివాళ్ల మీద కేసు పెడితే రేపు ఎవరైనా నిజం చెప్తారా అని అప్పట్లో పెద్ద చర్చే నడిచింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. రోడ్డు పైనున్న నిటారు వాలు అనుమానం ఉన్న రోజు మనది కాదన్న మాటలోనూ అంతే న్యాయం ఉంది.

7. దిగేటప్పుడు

ఒక్కొక్కరుగా దిగండి. దిగేవారి మీద మిగతా అందరి కళ్లూ ఉండాలి, ఫోన్లు జేబులో ఉండాలి. పోల్స్ పట్టీలు మణికట్టుకి తగిలించుకోకండి, అవలాంచ్‌లో అవి చేతిని కిందికి లాగుతాయి. ఆగాల్సింది పైనుంచి మంచు వచ్చినా తగలని చోట, అది ముందే అనుకున్న చోటే కావాలి. వాలు మధ్యలో ఆగి ఫొటో తీయడం, వెనకవారు దిగే గీత కింద నిలబడటం కుదరదు.

8. వాలు తెగితే

అరవండి. కొట్టుకుపోతున్న మనిషి చివరిసారి ఎక్కడ కనిపించాడో ఆ చోటు మీద నుంచి చూపు తిప్పకండి. పైన ఇంకా తెగే మంచు ఉందా అని ఒక్క క్షణం చూడండి, తలలు లెక్కపెట్టండి, అందరూ బీకన్లు సెర్చ్‌లోకి మార్చండి. ఒక్కరు సెండ్‌లో ఉండిపోయినా వెతికేవాళ్లందరూ ఆయన చుట్టూనే తిరుగుతారు. ఫోన్ సిగ్నల్ వెంటనే దొరికి, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు ఉంటే 911కి చేయాలి. లేకపోతే ముందు వెతకండి. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ ఆ లోపల రాదు.

బీకన్ చూపే అతి తక్కువ అంకె దగ్గర ప్రోబ్‌ను చక్రంలా, 25 సెంటీమీటర్ల ఎడంతో దింపుతూ పోండి. తగిలితే ప్రోబ్ తీయకండి. దాని నెత్తి మీద కాకుండా, వాలు దిగువ వైపు కొంచెం జరిగి మనిషి వైపు తవ్వుతూ వెళ్లండి. ముందు ముఖం, నోరు, ఛాతీ. మిగతాది తర్వాత.

పక్క వాలు మీద వేరే గుంపు చిక్కుకోవడం చూస్తే మీ రోజు అక్కడితో అయిపోయింది. మీకు ప్రమాదం లేదనుకున్నాక వెళ్లి తవ్వాలి. ఇది ఐచ్ఛికం కాదు.

9. కిందికి వచ్చాక

మీరు అవలాంచ్ కదిపి, ఎవరూ చిక్కుకోకుండా బయటపడితే వెంటనే 911కి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి. దూరం నుంచి చూసినవాళ్లు ఎవరో అప్పటికే ఫోన్ చేసి ఉండొచ్చు. లోపలికి వెళ్లిన స్కీ గుర్తులు కనిపించి, బయటికి వచ్చినవి కనిపించకపోతే రెస్క్యూ వాళ్లు మనిషి లోపల ఉన్నాడనే అనుకుంటారు. అదే ప్రమాదకరమైన వాలు కింద గంటల తరబడి ప్రోబ్‌లు పట్టుకుని వెతుకుతారు. కొలరాడోలో ఆ పని చేసేది షెరీఫ్ కింద ఉండే వాలంటీర్లు. రేపు వాళ్లకీ ఉద్యోగం ఉంటుంది. మీ ఒక్క ఫోన్ కాల్ వాళ్లని ఇంటికి పంపిస్తుంది. నిజంగా సాయం కావాల్సినప్పుడు మాత్రం బిల్లు వస్తుందేమోనని ఆలస్యం చేయకండి, ఆ వాలంటీర్లు వెతికినందుకు డబ్బు తీసుకోరు.

మీరు చూసినవి అవలాంచ్ సెంటర్ సైటులో రిపోర్ట్ చేయండి: వుంఫ్ శబ్దం, పగుళ్లు, తెగిన వాలు, మీరే కదిపినది కూడా. మర్నాటి ఫోర్‌కాస్ట్ రాసేవాళ్లకి ఇవే ముడిసరుకు. ఎవరైనా తమకి తప్పిన ప్రమాదం గురించి రాస్తే "బుద్ధి లేదా" అని కింద కామెంట్లు పెట్టకండి. ఆయన ఇంకోసారి రాయడు, చదివినవాళ్లు కూడా రాయరు.

ఇంటికి బయల్దేరే ముందు కారు దగ్గర నిలబడి, టీ ఫ్లాస్క్ ఖాళీ చేస్తూ, ఒకరినొకరు ఒక ప్రశ్న అడగండి: ఈరోజు మనం సరిగ్గా చేసినది ఏది, అదృష్టం కొద్దీ గట్టెక్కింది ఏది? ఏమీ జరగలేదు కాబట్టి అంతా సరిగ్గానే చేశామని ఎవరైనా అంటే, ఆయన్ని మాత్రం ఆ వాలు కోణం ఎంతో అడగండి.